ఓడిన సింగిల్స్, గెలిచిన డబుల్స్

చిన్న హాళ్ల చరిత్ర – 7వ భాగం

1977 వింబుల్డన్. ఆ పోటీలు మొదలై నూరేళ్లు నిండిన సందర్భం కావడంతో ఇంగ్లండు రాణి స్వయంగా వచ్చి కూర్చుంది. మహిళల సింగిల్స్ ఫైనల్లో డచ్ క్రీడాకారిణి బెట్టీ స్తోవే మొదటి సెట్టును 6-4తో గెలిచి, తర్వాతి రెండు సెట్లనూ 6-3, 6-1తో వర్జీనియా వేడ్‌కు వదులుకుంది. అదే ఏడాది, అదే మైదానంలో మహిళల డబుల్స్ ఫైనల్లోనూ ఓడింది, మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్లోనూ ఓడింది. ఒకే వింబుల్డన్‌లో మూడు ఫైనళ్లకు చేరి మూడింటినీ పోగొట్టుకున్న మనిషిగా టెన్నిస్ చరిత్ర ఆమెను గుర్తుపెట్టుకుంది. కానీ ఆమె ఖాతా మరోవైపు తిప్పి చూస్తే మహిళల డబుల్స్‌లో ఆరు, మిక్స్‌డ్‌లో నాలుగు, మొత్తం పది గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు కనిపిస్తాయి. ఒంటరి ఆట కొలబద్దతో కొలిస్తే ఆమె చివరి మెట్టు దగ్గర జారిన మనిషి. జత ఆట కొలబద్దతో కొలిస్తే ఆ కాలపు మేటి క్రీడాకారిణుల్లో ఒకరు. మనిషి ఒకరే, ఆట ఒకటే, కొలబద్ద మారితే తీర్పు మారుతోంది. ఈ భాగంలో చెప్పబోయే బ్యాండ్ కథకు ఇంతకన్నా తగిన వాకిలి నాకు దొరకలేదు, ఎందుకంటే ఆ బ్యాండ్ పేరు కూడా ఆమె దగ్గరి నుంచి వచ్చిందే.

బెట్టీ స్తోవే టెన్నిస్ నేర్చుకునేవాళ్ల కోసం రాసిన పుస్తకం పేరు ‘బెట్టీ సెర్వేర్ట్’. ‘బెట్టీ సర్వ్ చేస్తోంది’ అని ఆ డచ్ మాటలకు అర్థం. ఆర్న్‌హెమ్ ఊళ్లో మొదలైన ఒక రాక్ బ్యాండ్ ఆ పేరునే తన పేరుగా పెట్టుకుంది. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట పేరులో ఇంకా వినిపించే ఆ ‘వలందుల’ దేశం నుంచి మన తీరానికి వచ్చినవి బట్టల బేరాలు, గిడ్డంగులు, సమాధిరాళ్లు. వాళ్ల పాట మన దాకా రాలేదు కాబట్టి ఈ బ్యాండ్ పేరు తెలుగు పాఠకులకు కొత్తగా ఉండటం సహజమే. అసలు సొంత దేశం బయట ఇప్పుడు ఆ పేరు తలచుకునేవాళ్లూ తక్కువే. తలచుకున్నవాళ్లు చెప్పే కథ దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది: 1992లో ‘పాలోమీన్’ అనే అద్భుతమైన తొలి ఆల్బమ్, అమెరికాలో కాస్త సందడి, రెండో ఆల్బమ్‌తో నిరాశ, మూడోదానితో మరుపు. ‘కొద్దిలో తప్పిపోయిన బ్యాండ్’ అని ఒక చీటీ అంటించి పక్కన పెట్టేస్తారు. ఆ చీటీ తప్పని నా వాదన. పైకి లేచి కిందికి పడినది అమెరికా రికార్డుల వ్యాపారం. ఆ అల మీద కొన్నాళ్లు తేలిన బ్యాండుకు అల గీసిన గీతనే జీవితరేఖగా అంటగట్టారు. ఈ బ్యాండ్ పుట్టడానికీ, అల వెళ్లిపోయాక కూడా బతకడానికీ కారణాలు వేరేచోట ఉన్నాయి. నెదర్లాండ్స్ ఊళ్లలోని చిన్న హాళ్లలో, ఆ హాళ్ల చుట్టూ పనిచేసే మనుషుల మధ్య వాటిని వెతకాలి.

ముందు ‘లో-ఫై’ అనే మాట సంగతి తేల్చుకోవాలి. ధ్వనిని నున్నగా చెక్కకుండా, టేపు సవ్వడీ గొంతు బొంగురూ చేతి తడబాటూ అలాగే ఉంచి వదిలే పద్ధతికి ఆ పేరు వచ్చింది. దీని పుట్టుకను సాధారణంగా అమెరికా పడకగదుల్లో చూపిస్తారు గాని, ఆ గదుల్లో తిరిగిన పెట్టె డచ్ కంపెనీది. ఫిలిప్స్ కంపెనీలో లౌ ఓటెన్స్ నడిపిన బృందం కాంపాక్ట్ కాసెట్‌ను 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో బయటపెట్టింది. కోటు జేబులో పట్టేంత చెక్కముక్క ఒకటి కోయించుకుని, యంత్రం ఈ కొలతకు మించకూడదని ఓటెన్స్ ముందే గీత గీసుకున్నాడు. కొలత తగ్గించినందుకు ధ్వనిలో మూల్యం చెల్లించాల్సి వచ్చింది. కాసెట్ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపే, నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లు. స్టూడియోలో పెద్ద చక్రాల మీద తిరిగే టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు పరుగెడుతుంది. సన్నటి పట్టీ మీద, మెల్లటి నడకలో, శబ్దాన్ని మోసే అయస్కాంత రేణువులు తక్కువ పడతాయి. వాటి వెనక ఉండే ‘స్స్’ అనే సవ్వడి అందుకే పైకి వినిపిస్తుంది. 1979లో టియాక్ కంపెనీ అదే కాసెట్‌ను రెట్టింపు వేగంతో నడిపి, నాలుగు దారులుగా చీల్చి పోర్టాస్టూడియో తయారుచేసింది. మూడు దారుల్లో గిటారు, డ్రమ్ము, బేస్ నింపి, మూడింటినీ కలిపి నాలుగోదాని మీదకు ఎక్కించి, ఖాళీ అయిన మూడింటిని మళ్లీ వాడుకోవచ్చు. ఎక్కించిన ప్రతిసారీ సవ్వడి ఒక పొర పెరుగుతుంది. లో-ఫై రికార్డుల్లో వినబడే ఆ పొగమంచు చాలాసార్లు ఈ ఎక్కింపుల లెక్కే. ఇదే పెట్టె మన ఊళ్లలో సినిమా పాటలనూ మోసింది, గద్దర్ పాటలనూ మోసింది. పెద్ద కంపెనీ గడప తొక్కకుండా పాట ఊరు దాటే వీలు దాని వల్లే వచ్చింది.

అయితే పెట్టె ఒక్కటే బ్యాండును నిలబెట్టదు. నలుగురు కలిసి గట్టిగా వాయించుకోవడానికి గోడలు కావాలి, వినడానికి యాభైమందో వందమందో రావాలి. 1960ల చివరి నుంచి నెదర్లాండ్స్ యువత ఆ గోడలను సంపాదించుకుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాడకం లేని ఒక ప్రార్థనామందిరం 1968 మార్చి 30న పారాదీసోగా తలుపులు తెరిచింది. నైమేగెన్‌లో డోర్న్‌రోషే, ఐండ్‌హోవెన్‌లో ఒక పాత నారబట్టల ఫ్యాక్టరీలో ఎఫెనార్, గ్రోనింగెన్‌లో వేరా ఇలా నిలదొక్కుకున్నవే. 1971లో ఆ దేశ సుప్రీంకోర్టు ఖాళీగా పడి ఉన్న కట్టడంలో చేరి కాపురముండటం గృహాక్రమణ నేరం కాదని తీర్పిచ్చింది. లోపల ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ చూపిస్తే కాపురమున్నట్టే. ఆ మూడు వస్తువుల అండతో ఖాళీ ఇళ్లు, గిడ్డంగులు ఎన్నో నివాసాలయ్యాయి, సాధనశాలలయ్యాయి, రాత్రిళ్లు కచేరీ సావడులయ్యాయి. నగరపాలక సంఘాలు కొన్నింటితో తలపడ్డాయి, కొన్నింటికి గ్రాంటులిచ్చి నిలబెట్టాయి. వేరా లాంటి చోట తలుపు దగ్గర టికెట్టు చించేవాళ్లు, వంట చేసేవాళ్లు, దీపాలు చూసేవాళ్లు ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. పోస్టర్లు కూడా అక్కడే సిల్క్‌స్క్రీన్ మీద అచ్చేసుకునేవారు. పేరు తెలియని బ్యాండుకు సైతం వేడి భోజనం పెట్టి పడుకోవడానికి చోటు చూపించడం ఈ హాళ్లలో మర్యాదగా స్థిరపడింది. 1989లో అమెరికన్ బ్యాండ్ నిర్వాణా వేరాలో వాయించినప్పుడు వాళ్లు కూడా ఆ మర్యాద అందుకున్న ఒక చిన్న బ్యాండే. దేశం చిన్నది కావడం మరో మేలు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి గ్రోనింగెన్‌కు రెండువందల కిలోమీటర్లు కూడా లేదు. సాయంత్రం వ్యాన్‌లో సామాన్లు వేసుకుని వెళ్లి, వాయించి, తెల్లవారేలోపు ఇల్లు చేరవచ్చు.

ఈ నేల మీద 1980ల రెండో సగంలో ‘దె ఆర్ట్సెన్’ అనే బ్యాండ్ తిరిగింది. ఆ పేరుకు ‘డాక్టర్లు’ అని అర్థం. దానికి యోస్ట్ విస్సర్ గాయకుడు, పీటర్ విస్సర్ గిటారు, హెర్మన్ బున్స్‌కూకె బేస్. 1989లో ‘కానీ వేవ్స్ విత్ ఎ షెల్’ అనే ఆల్బమ్ తెచ్చారు. దేశం దాటి దానిని విన్నవాళ్లు కొద్దిమంది. వేదిక ముందు బల్ల దగ్గర కూర్చుని ఆ బ్యాండ్ ధ్వనిని సరిచూసే మనిషి కరోల్ వాన్ డైక్. యాంప్లిఫయర్లు మోసి, తీగలు బిగించి, వ్యాన్ సర్దే మనిషి బేరెండ్ డుబ్బె. 1986లోనే వీళ్లు బెట్టీ సెర్వేర్ట్ పేరుతో ఒక బ్యాండ్ కట్టి, ఒకే ఒక్క కచేరీ ఇచ్చి ఆపేశారు. దె ఆర్ట్సెన్ పని పెరగడమే కారణం. 1990 ప్రాంతంలో దె ఆర్ట్సెన్ విడిపోయాక, 1991లో పాత పేరు మళ్లీ తీశారు. ధ్వని సరిచూసిన మనిషి మైకు ముందుకొచ్చింది, సామాన్లు మోసిన మనిషి డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. ఈ ఒక్క వివరం నా వాదనకు మొదటి సాక్ష్యం. కొత్తగా ఏర్పడిన బ్యాండ్ అంత నిండైన తొలి ఆల్బమ్ ఎలా చేయగలిగిందని ఎవరికైనా ఆశ్చర్యం కలగవచ్చు. వాళ్లు కొత్తవాళ్లు కారన్నదే జవాబు. ఐదారేళ్లు ఒకే వ్యాన్‌లో తిరిగి, ఎవరి చెయ్యి ఎప్పుడు బరువు పడుతుందో, ఎవరి గొంతు ఎక్కడ సన్నగిల్లుతుందో ఒకరికొకరు తెలిసినవాళ్లు. ముఖ్యంగా కరోల్ ఆ గిటారును, ఆ బేసును ఎన్నో రాత్రులు హాలు వైపు నుంచి విన్న మనిషి. వేదిక మీదివాళ్లకు తమ ధ్వని శ్రోతకు ఎలా చేరుతుందో అంచనా మాత్రమే ఉంటుంది. ఆమెకు చెవులారా విన్న అనుభవం ఉంది.

‘పాలోమీన్’ 1992లో నెదర్లాండ్స్‌లో బ్రింక్‌మన్ లేబుల్ మీద వచ్చింది. ఇంగ్లండులో 4ఏడీ సంస్థ ఒక్కసారి ప్రచురణల కోసం పెట్టిన గెర్నికా అనే ఉపశాఖ, అమెరికాలో న్యూయార్క్ లేబుల్ మాటడార్ దాన్ని తీసుకున్నాయి. మొదటి పాట ‘లెగ్’ వింటే ఆ ధ్వని గుణం పట్టుబడుతుంది. గిటారు తొందర లేకుండా, ఇంకా ఊరు నిద్ర లేవనట్టు మొదలవుతుంది. కరోల్ గొంతు పాడటానికీ మాట్లాడటానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. అక్షరం చివర గాలి మిగిలిపోయినా దాన్ని తుడిచే ప్రయత్నం చేయదు. ఆ తర్వాత పీటర్ విస్సర్ గిటారు మెల్లమెల్లగా పైకొచ్చి, గొంతుకు పక్కవాద్యం కావడం మానేసి, దానితో వాదులాటకు దిగుతుంది. పాట ముగిసేసరికి ఎవరి మీద ఎవరు గెలిచారో చెప్పలేం. ‘టామ్ బాయ్’లో మగరాయుడని పిలిపించుకున్న ఆడపిల్ల ఆ మాటను మొహం చిట్లించుకోకుండా తనదిగా తీసుకుంటుంది. నిడివి పెరిగినా వీళ్ల పాటల్లో ఊగిసలాట ఉంటుంది, సాగదీత ఉండదు. నలుగురూ ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయిస్తున్నారని చెవికి తెలిసిపోతుంది. ఆ ఆల్బమ్ కాలానికి నిలిచిందంటే ఆ గది వల్లనే అని నా నమ్మకం.

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావచ్చు. ‘పాలోమీన్’ స్టూడియోలో తయారైనది, వంటింటి నాలుగు దారుల యంత్రం మీద కాదు, మరి లో-ఫై అనడం ఎలా కుదురుతుందనేది మొదటిది. యంత్రం లెక్కన చూస్తే ఆ అభ్యంతరం నిజమే. కానీ నాలుగు దారుల యంత్రం నేర్పింది ఒక వినికిడి పద్ధతిని: మచ్చను దాచకపోవడం, మొదటిసారి వచ్చిన భావాన్ని పదోసారి వచ్చిన శుద్ధి కన్నా మిన్నగా ఎంచడం. ఆ పద్ధతి స్టూడియోలోకి కూడా నడిచి రాగలదు. వాళ్ల విధేయత ఎటువైపో వాళ్లే ఆల్బమ్‌లో రాసిపెట్టారు కూడా. అందులోని ‘హెల్దీ సిక్’ వాళ్ల సొంత పాట కాదు, ఇంట్లో కాసెట్ల మీద పాడి ఆ శైలికి పేరు తెచ్చిన అమెరికన్ బృందం సెబడోది. రెండో అభ్యంతరం ఇంకా పదునైనది: అంటే ఇది అమెరికా పాటకు డచ్ నకలే కదా, స్థానిక నేల గురించి ఇంత చెప్పడం దేనికి? దీనికి తేదీలే జవాబు. అమెరికాలో ఈ తరహా పాటకు పెద్ద బజారు తెరిచింది 1991 సెప్టెంబరులో వచ్చిన నిర్వాణా ‘నెవర్‌మైండ్’. అప్పటికి దె ఆర్ట్సెన్ ఆల్బమ్ వచ్చి రెండేళ్లు, బెట్టీ సెర్వేర్ట్ తొలి కచేరీ జరిగి ఐదేళ్లు. పైగా కరోల్ వాన్ డైక్ పుట్టింది కెనడాలోని వాంకూవర్‌లో. ఏడేళ్ల వయసులో నెదర్లాండ్స్ వచ్చింది. ఇంగ్లిష్ ఆమెకు బాల్యభాష, సంత కోసం అరువు తెచ్చుకున్న యాస కాదు. అమెరికా నుంచి వాళ్లు నేర్చుకోలేదని నేను అనను. బాగా నేర్చుకున్నారు. నేర్చుకున్నది వేళ్లూనడానికి మాత్రం తడి నేల ముందే సిద్ధంగా ఉంది.

ఇక అల సంగతి. 1992 జనవరిలో ‘నెవర్‌మైండ్’ అమెరికా అమ్మకాల పట్టికలో మైకేల్ జాక్సన్‌ను పక్కకు నెట్టి మొదటి స్థానం ఎక్కింది. అప్పటిదాకా ఈ పాటల వైపు చూడని పెద్ద కంపెనీలు చిన్న లేబుళ్ల గడపల ముందు బారులు తీరాయి. 1989లో మొదలైన మాటడార్‌తో 1993లో అట్లాంటిక్ సంస్థ ఒప్పందం చేసుకుంది. ఆ బంధం తీరాక 1996లో కాపిటల్ సంస్థ మాటడార్‌లో 49 శాతం వాటా కొంది. బెట్టీ సెర్వేర్ట్ రెండో ఆల్బమ్ ‘లాంప్రే’ 1995లో మొదటి పొత్తు కింద, మూడోది ‘డస్ట్ బన్నీస్’ 1997లో రెండో పొత్తు కింద అమెరికాలో వచ్చాయి. పెద్ద కంపెనీ లెక్క వేరు. చిన్న లేబుల్‌కు కొన్ని వేల ప్రతులు అమ్ముడైతే ఖర్చులు గిట్టి తర్వాతి ఆల్బమ్‌కు దారి దొరుకుతుంది. పెద్ద కంపెనీకి అదే అంకె నష్టం పద్దులో పడుతుంది. రేడియోలో ఒక పాట మోగాలి, లక్షల్లో అమ్ముడుపోవాలి, లేకపోతే తర్వాతి పేరు చూసుకుంటారు. 1997 నాటికి ఆ కంపెనీల చూపు గిటారు బ్యాండ్ల మీద నుంచి జరిగిపోయింది. మాటడార్ సైతం 1999లో ఆ వాటాను తిరిగి కొనుక్కుని విడిగా నిలబడింది. ఒప్పందాలు కుదిరి తెగిన తేదీలను, ఈ బ్యాండ్ ‘వెలుగు–చీకటి’ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి.

దీనికి విమర్శకులు ఒక మాట అడ్డం వేస్తారు: ‘లాంప్రే’ నిజంగానే బలహీనమైన ఆల్బమ్, తప్పు బజారుది కాదు, పాటలది. ఈ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. ‘లాంప్రే’లో చాలా పాటలు ఒకే మధ్యలయలో నడుస్తాయి. ‘పాలోమీన్’లో ఉన్న ఎగుడుదిగుడు ఇందులో తగ్గింది. ధ్వని కాస్త మందమైంది. అయినా ఈ కారణం ఫలితానికి చాలదు. ఆల్బమ్ నాణ్యతే అంతా తేల్చేదైతే, అంతకన్నా బిగువుగా పాటలు అల్లిన ‘డస్ట్ బన్నీస్’ వాళ్లను మళ్లీ పైకి తేవాలి. అలా జరగలేదు. అదీగాక, ఆ రెండు మూడేళ్లలో అమెరికా పెద్ద కంపెనీల చేతుల్లోంచి జారిపోయిన గిటారు బ్యాండ్లు పదుల్లో ఉన్నాయి. అన్నీ ఒకేసారి చెడ్డ ఆల్బమ్‌లు చేశాయనుకోవడం కన్నా, కొనేవాళ్ల చేతులు ఒకేసారి ముడుచుకున్నాయనుకోవడం సబబు. నాసిరకం ఆల్బమ్ ఒక బ్యాండును ఒక మెట్టు దించగలదు. చరిత్ర పుస్తకంలోంచి చింపేయాలంటే మెట్లన్నీ ఒకరి సొత్తై ఉండాలి.

మెట్లన్నీ ఒకరివి కావు కాబట్టే తర్వాతి అధ్యాయం ఉంది. బేరెండ్ డుబ్బె బ్యాండ్ వదిలి ‘బావర్’ పేరుతో సొంత దారి పట్టాడు. 1998లో బ్యాండ్ వాళ్లు వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం పాటలను వేదిక మీద పాడి ఒక ఆల్బమ్‌గా తెచ్చారు. తమకు గురుస్థానంలో ఉన్న పాటల దగ్గరికి వెళ్లి నిలబడి, మళ్లీ మొదలుపెట్టడం అది. మాటడార్ నీడ పోయాక తొలి ఆల్బమ్ పేరునే లేబుల్‌గా పెట్టుకున్నారు: పాలోమీన్ రికార్డ్స్. 2000లో ఇంగ్లండుకు చెందిన జాన్ ప్యారిష్ చేతిమీదుగా ‘ప్రైవేట్ సూట్’ వచ్చింది. 2003లో ‘లాగ్ 22’, 2004లో ‘అటాగర్ల్’, 2006లో ‘బేర్ స్ట్రిప్డ్ నేకెడ్’, 2010లో ‘ఫార్మసీ ఆఫ్ లవ్’, 2013లో ‘ఓ, మేహెమ్!’, 2016లో ‘డ్యామేజ్డ్ గుడ్’. మాటడార్ కాలంలో మూడు స్టూడియో ఆల్బమ్‌లు, ఆ తర్వాత ఏడు. ‘కొద్దిలో తప్పిపోయిన’ బ్యాండ్ చేసిన పనిలో ఎక్కువ భాగం తప్పిపోయిందని చెప్పిన తేదీ తర్వాతదే. వీటన్నింటిలో 2006 నాటిది నాకు ప్రత్యేకంగా తోస్తుంది. వాద్యాల హోరు తగ్గించి, పాట ఎముకల గూడు కనిపించేలా, ఎక్కువగా విద్యుత్తు లేని గిటారుతో నడిపారు. ఇరవైల వయసులో తడబాటును దాచకుండా పాడటం సులువు, ఆ వయసుకు అది అందం. నలభై దాటాక, పాడటం బాగా వచ్చాక, ఇంకా దాచకుండా పాడాలంటే అందుకు నిర్ణయం కావాలి. ఆ ఆల్బమ్‌లో ఆ నిర్ణయం వినిపిస్తుంది.

అసలైన అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. ప్రజల పన్ను డబ్బుతో నడిచే హాళ్లు ఉండబట్టి గిరాకీ లేని సంగీతం కూడా బతికిందని, బజారు తిరస్కరించిన దాన్ని పోషించడం కళకు మేలు కాదని వాదించేవాళ్లు నెదర్లాండ్స్‌లోనే గట్టిగా ఉన్నారు. దానికి జంటగా ఇంకో ప్రశ్న: అదే హాళ్లలో వాయించిన దె ఆర్ట్సెన్ ఎందుకు నిలవలేదు, పేరైనా మిగలకుండా పోయిన వందల బ్యాండ్ల మాటేమిటి, బతికిన ఒక్కదాన్ని చూపి నేల గొప్పతనం చెప్పడం న్యాయమా? రెండింటికీ కలిపి జవాబు చెప్పవచ్చు. ఆ హాళ్లు ఎవరినీ పోషించలేదు, ఎవరికీ విజయం హామీ ఇవ్వలేదు. టికెట్టు కొని వచ్చినవాళ్ల ముందు నిలబడి ప్రతి బ్యాండూ తనను తాను రుజువు చేసుకోవాల్సిందే, చాలావాటి వల్ల కాలేదు. ఆ హాళ్లు ఇచ్చింది రెండో అవకాశం. 1986లో ఒక్క కచేరీతో ఆగిన పేరును 1991లో మళ్లీ తీయగలిగారంటే, ఆ మధ్య ఐదేళ్లు ఆ మనుషులు అదే పనిలో, అదే ఊళ్లలో, ఒకరికొకరు అందుబాటులో ఉండగలిగారు కాబట్టి. దె ఆర్ట్సెన్ మరణం వృథా కాలేదు, దాని మనుషులూ దాని చెవులూ తర్వాతి బ్యాండులోకి నడిచాయి. బజారు ఒక్కటే తీర్పరి అయితే తొలి తప్పటడుగుకే ఆట ముగుస్తుంది. డబుల్స్ ఆటలో ఒకరు బంతి వదిలేస్తే రెండోవాళ్లు అందుకుంటారు. ఈ బ్యాండ్ విషయంలో ఆ రెండో ఆటగాడు ఒక దేశపు హాళ్ల వ్యవస్థ.

ఆ వ్యవస్థ గాలిలో కట్టినది కాదు, విప్పితే విడిపోతుంది కూడా. ఖాళీ ఇళ్లలో కాపురం ఉండటాన్ని 2010 అక్టోబరు 1 నుంచి చట్టం నేరం చేసింది. 1971 తీర్పుతో తెరుచుకున్న తలుపు అలా మూసుకుంది. 2011లో సాంస్కృతిక శాఖ బాధ్యత చూసిన హాల్బె జైల్‌స్ట్రా కళల బడ్జెట్టులో ఏడాదికి 20 కోట్ల యూరోల కోత ప్రకటించాడు. అదే ఏడాది జూలైలో కచేరీ టికెట్ల మీద పన్ను 6 శాతం నుంచి 19 శాతానికి ఎగబాకింది. ఏడాది తిరిగేసరికి నిరసనల మధ్య దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తక్కువ రాబడి ఉన్న కళాకారులకు కొన్నేళ్లపాటు కనీస భృతి ఇచ్చిన చట్టం 1999 నుంచి ఏదో ఒక రూపంలో అమల్లో ఉండేది. దాన్ని 2012 జనవరి 1న రద్దుచేశారు. కోత పెట్టినవాళ్లకు తమ కారణాలున్నాయి, ఆర్థిక సంక్షోభం నిజమే. కాని నష్టం ఏమిటో లెక్కించే పద్ధతి వాళ్ల దగ్గర లేదు. ఈ ఏడాది మూతపడిన సాధనగది వల్ల పోయిన బ్యాండ్ ఈ ఏడాది పట్టికలో కనిపించదు. ఐదేళ్ల తర్వాత మైకు ముందుకు రావాల్సిన సౌండ్ మనిషి ఏదో ఆఫీసులో ఉద్యోగంలో కుదురుకుని ఉంటుంది. జరగని కచేరీకి రసీదు ఉండదు, అందుకే దాన్ని కొట్టివేయడం అంత తేలిక.

‘ఓ, మేహెమ్!’ ఆ కోతల మధ్యే, 2013లో, సొంత లేబుల్ మీద వచ్చింది. అందులో పాటలు చిన్నవి, వేగం హెచ్చు, గిటారు మళ్లీ 1992 నాటి గరుకుతో పైకి లేస్తుంది. మూడేళ్లకు వచ్చిన ‘డ్యామేజ్డ్ గుడ్’ దాకా కూడా గొంతు కరోల్ వాన్ డైక్‌ది, గిటారు పీటర్ విస్సర్‌ది, బేస్ హెర్మన్ బున్స్‌కూకెది. దె ఆర్ట్సెన్ కాలంలో ముగ్గురిలో ఇద్దరు వేదిక మీద, ఒకరు వేదికకు ఎదురుగా బల్ల దగ్గర ఉండేవారు. ముప్పై ఏళ్లలో డ్రమ్ముల వెనక మనుషులు మారారు, లేబుళ్లు మారాయి, కాసెట్ పోయి సీడీ వచ్చింది, సీడీ పోయి అరచేతిలో ఫోన్ వచ్చింది. ఆ ముగ్గురు మాత్రం ఒకరి ధ్వనిని ఒకరు వింటూనే ఉన్నారు.

(వచ్చే భాగం: గ్రోనింగెన్‌లో వేరా హాలు, దాని సిల్క్‌స్క్రీన్ పోస్టర్లు)